గోమారి గడియారం

కొత్త సంవత్సరం క్యాలెండర్ తగిలిద్దామని హాల్లో పాత వెంకటేశ్వరస్వామి క్యాలెండర్‌ను కిందికి దించాను. మేకు చుట్టూ గోడకు అంటుకుని, నానబెట్టిన మినుముల్లాంటివి నాలుగైదు కనిపించాయి. బూడిదరంగు, పైన కాస్త నీలపు నిగనిగ. అగ్గిపుల్లతో పొడిస్తే ఒకటి చాలా నింపాదిగా కాలు కదిపింది. పక్కనే గోధుమరంగు గసగసాలు పోగుపోసినట్టు గుడ్లు.

రోజూ రెండుపూటలా ఫినాయిల్ వేసి తుడిపించే ఇల్లు మాది. మేం తుడిపించింది నేల. అవి కాపురం పెట్టింది ఆరడుగుల ఎత్తున, దేవుడి వెనకాల.

అప్పటికి మూడు రోజులుగా మా రాణి అన్నం ముట్టడం లేదు. పెరుగన్నం కలుపుతుంటేనే వంటింటి గడప దగ్గర తోకాడించే కుక్క, గిన్నె వైపు తల తిప్పకుండా చల్లటి బండ మీద పడుకుని ఉండేది. డాక్టరుగారు దాని చెవి మడిచి చూశారు, పెదవి ఎత్తి చిగుళ్లు నొక్కి చూశారు, "టిక్ ఫీవరండీ" అన్నారు. రక్తం పరీక్షలో ప్లేట్‌లెట్లు 28 వేలు.

"మొన్న ఆదివారం రెండు కనబడితే వెంటనే పీకేశాను కదా సార్?"

"మీరు పీకినవి కావండీ ఇవి. ఈ జ్వరం తెచ్చిన కాటు పడి రెండు మూడు వారాలై ఉంటుంది. అది రక్తం తాగి, దిగిపోయి, ఈపాటికి మీ ఇంట్లోనే ఎక్కడో గుడ్లు పెట్టుకుంటూ ఉంటుంది. వెతకండి."

వెతకకుండానే దొరికాయి. రాణి నాలుగు వారాలు ఇడ్లీ ముక్కల్లో డాక్సీసైక్లిన్ మింగి బతికింది. ఆ నాలుగు వారాలూ నేను గోమార్ల గురించి చదువుతూ కూర్చున్నాను. గోమారి అనేది మా వైపు మాట. పిడుదు అంటే కొందరికి చప్పున తెలుస్తుంది. కుక్కలున్న పట్నం ఇళ్లలో ఇప్పుడు చిన్నపిల్లలు కూడా టిక్స్ అనే అంటున్నారు. పేరేదైనా దాని సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, దానికి తొందర లేదు. దోమ కుట్టి క్షణాల్లో ఎగిరిపోతుంది. గోమారి వారాలు, నెలలు కాచుకు కూర్చుంటుంది. కరిచాక రోజుల తరబడి తాగుతుంది. దాన్ని కట్టడి చేసిన కథంతా దాని గడియారాన్ని మనుషులు కొంచెం కొంచెంగా చదవడం నేర్చుకున్న కథ.

మా నాయనమ్మ సాయంత్రాలు గేదె పొదుగు దగ్గర గొంతుక్కూర్చుని గోమార్లు ఏరేది. చేతిలో అడుగున కాస్త కిరోసిన్ పోసిన కొబ్బరినూనె డబ్బా. ఒక్కొక్కటే పట్టి లాగి టప్పున అందులో వేసేది. "గోరుతో నలపకురా, మంచిది కాదు" అనేది నాతో. ఎందుకు మంచిది కాదో ఆమెకూ తెలియదు, నేనూ అడగలేదు.

సరిగ్గా ఆ పనే 1889 వేసవిలో అమెరికా రాజధాని వాషింగ్టన్ శివార్లలో ప్రభుత్వ జీతాల మీద చేశారు. అక్కడి పశువైద్య పరిశోధన కేంద్రంలో థియొబాల్డ్ స్మిత్ అనే డాక్టరు, ఎఫ్. ఎల్. కిల్‌బోర్న్ అనే పశువైద్యుడు తేల్చవలసిన చిక్కు ఒకటుంది. టెక్సాస్ వైపు నుంచి ఉత్తరాది మార్కెట్లకు తోలుకొచ్చే పశువులు నిక్షేపంగా ఉండేవి. కానీ అవి నడిచిన దారిలో, మేసిన బీడులో ఆ తర్వాత మేసిన ఉత్తరాది పశువులు మాత్రం ఎర్రటి మూత్రం పోస్తూ చచ్చిపోయేవి. దానికి టెక్సాస్ జ్వరమని పేరు పెట్టారు. ఉత్తరాది రైతులు తుపాకులు పట్టుకుని దక్షిణాది మందలను అడ్డుకున్న రోజులున్నాయి.

అన్నిటికన్నా వింతైన సంగతి, దక్షిణాది మంద దాటిపోయిన వెంటనే జ్వరం వచ్చేది కాదు. నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రోజులు గడిచేవి. దోషి ఊరు దాటి పోయాక నేరం జరిగినట్టు ఉండేది. పశువులు కాసేవాళ్లు "ఇది గోమార్ల పనే" అనేవాళ్లు. చదువుకున్నవాళ్లు నవ్వేవాళ్లు.

స్మిత్ నవ్వలేదు. నార్త్ కరొలైనా నుంచి గోమార్లున్న పశువులను తెప్పించి, పొలాన్ని కంచెలతో విడగొట్టారు. ఒక మడిలో గోమార్లున్న దక్షిణాది పశువులను, ఉత్తరాది పశువులను కలిపి ఉంచారు. ఇంకో మడిలోనూ అలాగే కలిపారు గానీ, దక్షిణాది పశువుల ఒంటి మీది గోమార్లను చేత్తో ఒక్కటి మిగలకుండా ఏరేశారు. వేసవి ఎండలో రోజుల తరబడి ఏరడమే. మూడో మడిలో దక్షిణాది పశువే లేదు, గడ్డి మీద గోమార్లు మాత్రం చల్లారు. మొదటి మడిలోనూ మూడో మడిలోనూ ఉత్తరాది పశువులు జబ్బుపడ్డాయి. గోమార్లు ఏరేసిన మడిలో ఏమీ కాలేదు.

మరుసటి ఏడు స్మిత్ గోమారి గుడ్లను గాజు పళ్లెంలో పొదిగించాడు. ఏ జంతువునూ ముట్టని ఆ పసి గోమార్లను కొట్టంలో విడిగా కట్టేసిన దూడ మీద వేశాడు. దానికీ జ్వరం వచ్చింది. తల్లి తాగిన జబ్బు గుడ్లలోంచి పిల్లలకు దిగుతోందన్నమాట. నెల రోజుల ఆలస్యం సంగతి కూడా తేలిపోయింది. తల్లి గోమారి గడ్డిలో రాలాలి, గుడ్లు పెట్టాలి, అవి పిగలాలి, పిల్లలు గడ్డిపోచ ఎక్కి కాచుకోవాలి. ఆ లెక్క కుదిరేసరికి మంద ఎక్కడో మార్కెట్లో అమ్ముడైపోయి ఉంటుంది.

1893లో వాళ్లు ఇదంతా అచ్చువేశారు. పురుగు కాటు ద్వారా సూక్ష్మజీవి ఒక ఒంటిలోంచి ఇంకో ఒంటిలోకి వెళ్తుందని గట్టిగా రుజువు కావడం అదే మొదటిసారి. మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో, అంటే దీనికి నాలుగేళ్ల తర్వాత. రాస్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. స్మిత్ పేరు పశువైద్య కళాశాలల బయట వినబడదు. జబ్బుపడ్డది ఆవులు కాబట్టి అనుకుంటాను.

తెలియడం ఒక ఎత్తు, వదిలించుకోవడం ఇంకో ఎత్తు. పశువుల గోమారి పిల్లగా ఎక్కింది మొదలు గుడ్లు పెట్టడానికి రాలేదాకా ఒకే పశువు మీద గడుపుతుంది, దాదాపు మూడు వారాలు. కాబట్టి అంతకన్నా తక్కువ గడువులో, రెండు వారాలకోసారి మందలో ప్రతి పశువునూ మందు నీళ్లలో ముంచి తీస్తే ఏ గోమారీ గుడ్ల దాకా బతకదు. ఇది లెక్క. ఆ మందేమో పాషాణం. పొడుగాటి సిమెంటు గోతిలో పాషాణం కలిపిన నీళ్లు నింపి, పశువులను ఒక చివర దూకించి, ఈదించి, ఇంకో చివర ఎక్కించేవాళ్లు. 1906లో అమెరికా ప్రభుత్వం దక్షిణాదిలో ఆ గోమారిని తుడిచిపెట్టే పని మొదలుపెట్టింది, ఆ తర్వాత రాష్ట్రాలు ఇలా ముంచడాన్ని తప్పనిసరి చేశాయి. రెండు ఆవులున్న పేద రైతు పద్నాలుగు రోజులకోసారి పనంతా మానుకుని వాటిని మైళ్ల దూరం తోలుకెళ్లాలి. కోపం వచ్చింది. చాలాచోట్ల ఆ గోతులను డైనమైట్ పెట్టి పేల్చేశారు. ప్రభుత్వం మళ్లీ కట్టింది. 1943 నాటికి మెక్సికో సరిహద్దు వెంట ఒక పట్టీ తప్ప దేశమంతా ఆ గోమారి పోయిందని ప్రకటించారు. ఆ పట్టీలో ఇప్పటికీ గుర్రాల మీద మనుషులు నది వెంట గస్తీ తిరుగుతారు, దాటి వచ్చిన పశువులను పట్టుకోవడానికి. పాషాణం నీళ్ల కాలం ఎప్పుడో పోయింది, గుర్రాలు పోలేదు.

ఇక మనుషుల సంగతి. మొంటానా రాష్ట్రంలో బిటర్‌రూట్ లోయ అని ఒకటుంది. వసంతంలో అడవికెళ్లిన వాళ్లకు ఒళ్లంతా మచ్చలతో జ్వరం వచ్చి చాలామంది పోయేవాళ్లు. 1906లో హోవర్డ్ రికెట్స్ అక్కడికి వెళ్లి, ఈ మచ్చల జ్వరం గోమారి కాటుతో వస్తుందని గినీ పందుల మీద రుజువు చేశాడు. నాలుగేళ్లకే మెక్సికోలో టైఫస్ మీద పనిచేస్తూ అదే జబ్బుతో చనిపోయాడు. ఆ జాతి సూక్ష్మజీవులకు ఆయన పేరే పెట్టారు, రికెట్సియా అని. మన తెలుగు జిల్లాల్లో ఇప్పుడు తరచూ వినబడుతున్న స్క్రబ్ టైఫస్ దీనికి దగ్గరి చుట్టమే. కానీ దాన్ని మోసేది గోమారి కాదు, పొదల్లో ఉండే కంటికానని మరో పురుగు పిల్ల. ఈ రెంటినీ కలిపేసి కుక్కలను వీధిలోకి తరిమేస్తున్న వాళ్లను చూశాను.

ఆ లోయలోనే హామిల్టన్ అనే ఊళ్లో 1928లో ప్రయోగశాల కట్టారు. జబ్బు గోమార్లను వేలకు వేలు లోపల పెంచుతారంటే ఊరివాళ్లు ఒప్పుకోలేదు. చివరికి భవనం చుట్టూ కోటకు అగడ్తలా నీటి కాలవ తవ్వారు, గోమార్లు పాకి బయటికి రాకుండా. ఆ కాలవ ఎంత పనిచేసేదో గానీ ఊరివాళ్ల భయం ఊరికే పుట్టిందేమీ కాదు. ఆ పరిశోధనల్లో పనిచేసినవాళ్లు కొందరు ఆ జ్వరంతోనే పోయారు. రాస్కో స్పెన్సర్ అనే డాక్టరు జబ్బు గోమార్లను నూరి, కార్బాలిక్ ఆమ్లం కలిపి తయారుచేసిన టీకాను, ఆ భవనం కట్టకముందే 1924లో, మొదట తన చేతికే పొడుచుకున్నాడు.

నాకు ఆ టీకా కన్నా స్పెన్సర్, ఆయన తోడు రాల్ఫ్ పార్కర్ గమనించిన ఇంకో విషయం గొప్పగా తోచింది. చలికాలమంతా పస్తున్న గోమారిలో క్రిమి ఉన్నా అది నిద్రపోతున్నట్టు ఉంటుంది, ఎక్కిస్తే జబ్బు రాదు. వెచ్చటి రక్తం కొన్ని గంటలు లోపలికి పోతేనే లేస్తుంది. అంటే కాటుకూ జబ్బుకూ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో గోమారిని పీకేస్తే చాలావరకు గండం గడిచినట్టే. సాయంత్రం అడవిలోంచి వచ్చాక ఒళ్లు వెతుక్కోవాలన్న నియమానికి అప్పుడు ఆధారం దొరికింది.

అదే ప్రయోగశాలలో 1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ న్యూయార్క్ దగ్గరి ఒక దీవి నుంచి వచ్చిన గోమార్లను కోసి, రికెట్సియా కోసం వెతుకుతూ కడుపులో వేరేదేదో చూశాడు. మెలితిరిగిన దారప్పోగుల్లాంటి బాక్టీరియా. ఆరేళ్లుగా కనెక్టికట్‌లోని లైమ్ ఊరి పిల్లల మోకాళ్లు ఎందుకు వాస్తున్నాయో తెలియక డాక్టర్లు తల పట్టుకున్న లైమ్ జబ్బుకు కారణం అదే. ఈ బాక్టీరియా గోమారి కడుపులోంచి లాలాజలానికి చేరడానికి మామూలుగా ఒక రోజు దాటుతుంది. ఖాళీ ఇంకా పెద్దది.

కుక్కల జబ్బు కథ మొదలైంది అల్జీరియాలో. 1935లో అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో దొనాసియన్, లెస్తొకార్ అనే ఇద్దరు, తమ పరిశోధన కుక్కలు గోమార్లు పట్టి చిక్కి చచ్చిపోతుంటే వాటి రక్తకణాల్లో దూరిన క్రిమిని చూశారు. మా రాణి రక్తంలో ఉన్నది అదే, ఎర్లీషియా. ముప్పై ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకెళ్లిన జర్మన్ షెపర్డ్‌లు వందల్లో ముక్కుల నుంచి రక్తం కారి చచ్చిపోయాక గానీ లోకం అటు తిరగలేదు. టెట్రాసైక్లిన్ జాతి మందులు దానికి పనిచేస్తాయని గట్టిపడింది కూడా ఆ దెబ్బతోనే.

కుక్క గోమారి గడియారం వేరు. అది మూడుసార్లు తాగుతుంది, మూడుసార్లూ దిగిపోతుంది. పిల్లగా ఒకసారి, ఎదిగే వయసులో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి. దిగిన ప్రతిసారీ దానికి ఇష్టం పైకెక్కడం. గోడ పగులు, తలుపు చట్రం, ఫోటో వెనక. ఒక్క ఆడది నాలుగు వేల దాకా గుడ్లు పెట్టగలదు, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. కాబట్టి కుక్క ఒంటి మీద మీకు కనబడేవి లెక్కలో కొన్నే. మిగతావి ఇంట్లో తమ వంతు కోసం కూర్చుని ఉంటాయి. స్నానం చేయించి ఊరుకుంటే రెండు వారాలకు మళ్లీ ఎందుకు వస్తాయో ఇప్పుడు తెలిసింది కదా.

మందుల విషయానికి వస్తే, దారి ఎక్కువగా పొలాల మీదుగా నడిచింది. చామంతి కుటుంబపు పైరెత్రం పువ్వు పొడి పురుగులను చంపుతుందని చాలాకాలంగా తెలుసు, కానీ ఎండ తగిలితే దాని బలం పోయేది. ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో మైకేల్ ఎలియట్ బృందం 1973లో ఎండకు తట్టుకునే నకలును చేసింది. అదే పర్మెత్రిన్. దీన్ని బట్టలకు పట్టిస్తే పాకే గోమారి కరవక ముందే కాళ్లు ముడుచుకుంటుంది. సైనికుల యూనిఫారాలకు వాడారు. కుక్కల మందుల్లోనూ చేరింది. పిల్లి ఉన్న ఇంట్లో మాత్రం జాగ్రత్త. పిల్లి కాలేయం దీన్ని విరవలేదు, కుక్క మందు పిల్లికి పూస్తే ప్రాణం పోవచ్చు.

ఆ తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన రోన్-పూలెంక్ కంపెనీ కనిపెట్టిన ఫిప్రోనిల్ వచ్చింది. ఈ పేరు కొత్తగా అనిపిస్తే వరి రైతును అడగండి. కాండం తొలిచే పురుగుకు రీజెంట్ గుళికలు చల్లిన వాళ్లందరికీ అది తెలిసిన మందే. కుక్క మెడ వెనక నాలుగు చుక్కలు పోస్తే చర్మపు నూనె వెంట ఒళ్లంతా పాకి, వెంట్రుకల మొదళ్లలోని నూనె గ్రంథుల్లో దాక్కుని నెల రోజులు కొంచెం కొంచెం ఊరుతూ ఉంటుంది. పోసిన మర్నాడే షాంపూ పెట్టి రుద్దేసి "మందు పనిచేయలేదు" అనేవాళ్లు చాలామంది. వాళ్లలో నేనొకణ్ణి.

2013 తర్వాత నమిలే మాత్రలు వచ్చాయి. ఫ్లురలానర్ అనేదాన్ని జపాన్‌లో నిస్సాన్ కెమికల్ వాళ్లు తయారుచేశారు. ఒక్క మాత్ర మూడు నెలలు రక్తంలో ఉంటుంది. ఇక్కడ లెక్క తిరగబడింది. గోమారి కరవాలి, తాగాలి, అప్పుడు చస్తుంది. దాని నరాల్లో బ్రేకు వేసే ద్వారాలను మందు మూసేస్తుంది, వణికి వణికి గంటల్లో రాలిపోతుంది. కుక్క నరాల్లోని ద్వారాలకు ఆ మందు అంతగా పట్టదు. అంతగా అన్నాను. మూర్ఛలు వచ్చే కుక్కలకు వీటిని ఆచితూచి ఇవ్వాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. డాక్టరును అడగకుండా ఆన్‌లైన్‌లో కొని వేయకండి.

ఈ మాత్రలు లైమ్ లాంటి నిదానపు జబ్బులకు భేషుగ్గా సరిపోతాయి, ఖాళీ పెద్దది కనుక. మన కుక్కల ఎర్లీషియాకు ఆ మర్యాద లేదు. 2013లో అచ్చయిన పరీక్షల్లో గోమారి అంటుకున్న మూడు గంటల్లోనే అది కుక్కలోకి దిగడం చూశారు. అందుకే మా డాక్టరుగారు మాత్రతో ఆగకుండా, గోమారిని కరవకముందే తరిమే మెడపట్టీ కూడా వేయించారు. వైరస్‌ల దగ్గరికి వస్తే గడియారం ఇంకా దగా చేస్తుంది. అమెరికాలో పొవాసన్ అనే గోమారి వైరస్ పావుగంటలో ఎలుకలోకి ఎక్కింది.

ఆ వైరస్ చుట్టమే మన పొరుగున ఉంది. 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోవడం, ఆ వెంటే కట్టెలకూ ఆకులకూ వెళ్లిన మనుషులకు జ్వరాలు రావడం మొదలైంది. ముందు అందరికీ పచ్చజ్వరం వచ్చిందేమోనని భయం. పుణేలోని వైరస్ పరిశోధన కేంద్రం నుంచి టెల్ఫర్డ్ వర్క్ బృందం వెళ్లి, చచ్చిన కోతుల్లోంచి, అడవి గోమార్లలోంచి కొత్త వైరస్‌ను పట్టింది. ఊరివాళ్లు మంగన కాయిలె అంటారు, అంటే కోతిజబ్బు. ఏటా ఎండాకాలానికి ముందే మొదలవుతుంది. అప్పుడు ఆకుల కింద పాకే పిల్ల గోమారి నువ్వుగింజంత కూడా ఉండదు. పీకేంత వ్యవధి లేదు, కాబట్టి దగ్గరికి రానీయకపోవడమే దారి. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల తయారుచేసిన డెపా అనే తైలాన్ని అక్కడి ఆరోగ్యశాఖ పంచిపెడుతుంది. అమెరికా సైన్యం కోసం 1946లో వచ్చిన డీట్ లాంటిదే, మన దగ్గర దొరికే సరుకుతో చేసింది. అడవికి వెళ్లేముందు కాళ్లకూ చేతులకూ రాసుకోవాలి. రోజూ రాసుకుని వెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుందన్నది వేరే సంగతి.

పీకడం గురించి ఒక్క మాట. అగ్గిపుల్లతో కాల్చడం, పెట్రోలు చుక్క వేయడం, గోళ్లరంగు పూయడం మానండి. గోమారి నోటి చుట్టూ జిగురు పోసుకుని అతుక్కుని ఉంటుంది, ఇబ్బంది పెడితే వదలకపోగా కడుపులోది కక్కే ప్రమాదం ఉంది. సన్నమొనల పట్టుకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిలువుగా, నెమ్మదిగా లాగాలి. చోటు సబ్బుతో కడగాలి. గోరుతో నలిపితే దాని కడుపులోని క్రిములు వేలి మీది గీతలోంచి లోపలికి పోవచ్చు. నాయనమ్మ వద్దన్నది దీనికే, ఆమె కిరోసిన్ డబ్బా సరైనదే.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ సాయంత్రం దాని చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడండి. ఆ తర్వాత గోడ మీది క్యాలెండర్ కూడా ఒకసారి ఎత్తి చూడండి.